సబ్బు ఎల్విన్ మగ్గు

వేల్స్ దేశంలో మా ఊరు కుమ్ హెలిగ్‌లో సగం మంది డేవిస్‌లు, మిగతా సగం జోన్స్‌లు. అసలు పేరు పెట్టి కేకేస్తే వీధివీధంతా వెనక్కి తిరుగుతుంది. అందుకని ప్రతి మనిషికీ ఊరే ఒక పేరు తగిలిస్తుంది. మనల్ని అడగరు, వద్దన్నా వదలరు. చర్చిలో కీర్తన మధ్యలో గురకపెట్టిన పాపానికి గ్విలిం ఏళ్ల తరబడి నిద్ర గ్విలిం గానే బతికాడు. ఆ తర్వాత ఇంకో మహానుభావుడు తన పెళ్లిలోనే, పాస్టరు ప్రమాణం చేయిస్తుండగా కునుకు తీశాడు. దాంతో పేరు అతనికి దఖలు పడింది, గ్విలింకి విముక్తి దొరికింది. ఒక పేరుకి ఒక్కడే మనిషి. అంతకంటే ఘనకార్యం చేసినవాడు దొరికితే, పాతవాడు ఆ పేరు రాసున్న తన బీరు మగ్గు తీసి అందరి ముందూ కొత్తవాడి చేతిలో పెట్టాలి. అలా పెడితేనే పేరు మారినట్టు.

ఆ మగ్గులు మా రగ్బీ క్లబ్బులో, బీరు పోసే బల్ల వెనక మేకులకి వేలాడుతుంటాయి. వాటి మీద పేర్లు రాసేదాన్ని నేను, బీరు పోసేదాన్నీ నేను, తాగి వాగేవాళ్లని నోరు మూయించేదాన్నీ నేనే. నా పేరు నెరిస్. అలా పిలిచేవాళ్లు మాత్రం లేరు. "సబ్బు వాళ్లమ్మాయీ, ఒకటి పొయ్యి" అంటారు. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది, రెండుమూడు సార్లు పిలిస్తే గానీ వెనక్కి తిరగను.

సబ్బు అంటే మా నాన్న ఎల్విన్. నేను పుట్టక ముందెప్పుడో, పక్క ఊరు పాంట్‌గార్‌తో ఫైనల్లో, బంతి పట్టుకుని గీత దాటేశాడు. వంగి దాన్ని నేలకి ఆనిస్తే చాలు, కప్పు మాది. చేతిలోంచి జారిపోయింది. అంతే, ఆ సాయంత్రానికల్లా సబ్బు ఎల్విన్ అయిపోయాడు. ఇప్పటికీ క్రిస్మస్‌కి ఎవడో ఒకడు మా గుమ్మంలో సబ్బు బిళ్ల పెట్టిపోతాడు. మేం సబ్బు కొని ఎరగం. మా అమ్మ మొదట్లో నవ్వేది. పోయేముందు మాత్రం, "నా సమాధి రాయి మీదయినా సబ్బు రాకుండా చూడండి" అంది. చూశాం.

నాన్న ఎప్పుడూ నవ్వేస్తాడు. కానీ ఒకసారి ఆసుపత్రిలో కొత్త నర్సు "ఎల్విన్ డేవిస్ గారూ" అని పిలిస్తే, అది తననే అని ఆయనకి తెలియలేదు. నేను మోచేత్తో పొడవాల్సి వచ్చింది. ఇంటికొస్తూ బస్సులో, "బాగుంది కదే ఆ పేరు" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. ఆ మాట నా గుండెల్లో ఉండిపోయింది.

ఈ వేసవిలో మన జట్టు న్యూజిలాండ్ టూరుకి వెళ్లింది. మన జట్టు అంటే వేల్స్. అందులో అందరి వెనక నిలబడి ఆడే కుర్రాడు యెస్టిన్ మా వీధివాడే. క్లబ్బు జెర్సీలు ఉతికే హెవీనా మనవడు. అక్కడ రాత్రయితే మాకు పొద్దున్న. ఆఖరి మ్యాచ్ రోజు తెల్లారేసరికే క్లబ్బు కిక్కిరిసింది. ఒక చేతిలో బేకన్ రొట్టె, ఇంకో చేతిలో బీరు, కళ్లు టీవీ మీద.

అక్కడ కుండపోత వాన. మేం ఒకే ఒక్క పాయింటు వెనకున్నాం. ఆట ముగుస్తోంది. అంతలో యెస్టిన్ బంతి అందుకుని ముగ్గురిని తప్పించుకుని దూసుకుపోయాడు. బల్లలు ఎక్కేశారు జనం. గీత దాటాడు, వంగాడు, బంతి చేతిలోంచి జారింది. ఆట ముగిసిందని ఈల ఊదారు. క్లబ్బులో పొయ్యి మీద బేకన్ మాడి పొగొస్తున్నా ఒక్కరూ కదల్లేదు.

తర్వాత మొదలైంది అసలు ఆట. కెప్టెన్‌కి బుర్ర లేదన్నారు, అంతకుముందు దొరికిన పెనాల్టీ కిక్కు గోలుకి తన్ని ఉంటే గెలిచేవాళ్లమన్నారు. రిఫరీకి కళ్లజోడు కొనిపెట్టాలన్నారు. ముందు వరసలో ఆడే ఇద్దరు లావుపాటివాళ్లు అక్కడి గొర్రెమాంసం మరిగి కదల్లేకపోయారని ఒకరంటే, ఆ ఇద్దరూ లేకపోతే ఇంకా చిత్తుగా ఓడేవాళ్లమని ఇంకొకరు మీద పడ్డారు. వీణ్ని తీసెయ్యాలి, వాణ్ని తీసెయ్యాలి అంటూ పదిహేనుమందినీ తీసేశారు. మిగిలింది కోచ్ ఒక్కడు. అతన్ని అందరికంటే ముందే తీసేశారు.

చివరికి మాంసం కొట్టు గ్లాన్‌మోర్ బల్ల గుద్దాడు. బస్సు పట్టుకోడానికి కూడా పరిగెత్తని మనిషి, రగ్బీ గురించి మాత్రం ఆయన చెప్పిందే వేదం. "ఇంకెందుకర్రా ఈ గొడవ? ఊరికి కొత్త సబ్బు దొరికాడు" అన్నాడు.

అందరూ మా నాన్న వైపు తిరిగారు. హెవీనా మాత్రం గ్లాన్‌మోర్ మీదికి లేచింది. నా మనవడికి ఆ పేరు పెడితే వచ్చే శనివారం మీ జట్టు మురికి జెర్సీలతో ఆడుకోవాల్సిందే, ఉతకను గాక ఉతకను అంది. గ్లాన్‌మోర్ తగ్గలేదు. పద్ధతి పద్ధతేనన్నాడు. నాన్న గడ్డం గోక్కుని, "అబ్బాయిని రానివ్వండి, అప్పుడు చూద్దాం" అని ఊరుకున్నాడు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. యెస్టిన్ మీద జాలి లేక కాదు. వాడికి ఇరవై రెండు, ముందు బోలెడు జీవితం ఉంది, ఎప్పుడో ఒకప్పుడు ఇంకెవడో జారవిడుస్తాడు. మా నాన్నకి అంత టైము లేదు. ఆ మర్నాడే కొత్త మగ్గు తీసి, నా చేతనయినంత అందంగా "ఎల్విన్" అని రాసి, ఆరాక బల్ల కింద దాచాను.

ఆదివారం చర్చి అయ్యాక యెస్టిన్ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అంత పొడుగు మనిషీ భుజాలు ముడుచుకుని సగమయ్యాడు. వాడికి ఎవరు చెప్పారో గానీ, విషయం తెలిసే వచ్చాడు. పక్కన హెవీనా, వాడి చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది. నాన్న లేచి, మేకుకున్న తన మగ్గు తీసుకున్నాడు.  నేను బల్ల కింద కొత్త మగ్గు మీద చెయ్యి వేసి ఉంచాను.

నాన్న సగం దూరం వెళ్లి ఆగాడు.

"ఒరే గ్లాన్‌మోర్, ఆ రోజు అక్కడ వాన పడిందా లేదా?"

"పడింది."

"వీడి నడుము పట్టుకుని ఎవడన్నా వేలాడుతున్నాడా?"

"ఇద్దరు. ఒక్కోడు నా కొట్టు తలుపంత ఉన్నాడు."

"మరి నేను జారవిడిచిన రోజు? మీ నాన్న అక్కడే ఉన్నాడు, చెప్పే ఉంటాడు."

గ్లాన్‌మోర్ ఇబ్బందిగా నవ్వాడు. "ఎండ కాసింది. నీ దరిదాపుల్లో పురుగు కూడా లేదు."

"అదీ సంగతి. అంత కష్టపడి సంపాదించుకున్న పేరు, తడి బంతి జారవిడిచినవాడికి ఎలా ఇస్తాన్రా?"

అందరూ నవ్వారు గానీ గ్లాన్‌మోర్ ఒప్పుకోలేదు. జారితే జారినట్టే, వానేంటి ఎండేంటి అన్నాడు. సగం మంది అటు, సగం మంది ఇటు, మళ్లీ మొదలైంది రగడ. అయితే పరీక్ష పెడదామని నాన్న చెయ్యెత్తి, చెప్పాపెట్టకుండా మగ్గుని యెస్టిన్ మీదికి విసిరాడు. నాకు పై ప్రాణం పైనే పోయింది. యెస్టిన్ చెయ్యి దానంతటదే లేచి, ఒంటిచేత్తో గాల్లోనే పట్టేసింది.

"ఇది సబ్బు చెయ్యేనా?" అన్నాడు నాన్న. "ఇప్పుడు నాకెయ్యి."

యెస్టిన్ దాన్ని మెల్లగా, పసిపిల్లకి బంతి వేసినట్టు వేశాడు. మగ్గు సరిగ్గా వచ్చి నాన్న రెండు చేతుల్లో కూర్చుంది.

మా నాన్న సంగతి నాకు తెలుసు. ఆదివారాలు గుడ్లట్టు వేస్తూ గుడ్లని భుజం మీంచి ఎగరేసి పట్టుకుంటాడు. మా ఇంట్లో ఆయన చేతిలో ఒక్క కప్పు కూడా పగల్లేదు. అందుకే నేను ఆ చేతులనే చూస్తున్నాను. మగ్గు వాటిలో బుద్ధిగా ఉంది. అప్పుడు వేళ్లు విచ్చుకున్నాయి. తొందరేం లేకుండా, ఒకదాని తర్వాత ఒకటి. మగ్గు నేల మీద పడి ముక్కలైంది.

క్లబ్బు నవ్వులతో దద్దరిల్లింది. ఎండా లేదు, వానా లేదు, అయినా జారవిడిచాడు, ఈయనే సబ్బు, ఇంకెవడికీ ఆ అర్హత లేదు అని గ్లాన్‌మోరే అందరికంటే గట్టిగా అరిచాడు, నవ్వలేక కుర్చీలో కూలబడ్డాడు. హెవీనా వచ్చి నాన్న బట్టతల మీద ముద్దు పెట్టింది. జెర్సీలు ఈ రాత్రికే పంపించమంది.

యెస్టిన్ ఒక్కడే నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని పెంకులు ఏరుతున్నాడు. "తాతా, నువ్వు కావాలనే..." అన్నాడు మెల్లగా.

"నోర్ముయ్. వచ్చే శరత్కాలంలో న్యూజిలాండ్ వాళ్లు మన దేశం వస్తున్నారు. బంతిని రెండు చేతులతో పట్టుకో."

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. ఇక నాన్నకి తాగడానికి మగ్గు లేదు. బల్ల కిందిది తీసి ఆయన ముందు ఠపీమని పెట్టాను. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని చదివాడు. వేలితో ఆ అక్షరాలు తడిమాడు. "చాలా బాగా రాశావే" అన్నాడు. వేలు పేరు ముందుకి జరిపి, "ముందర కాస్త చోటుంది కదా" అన్నాడు.

ఆయన మొహంలోకి చూశాను. బస్సులో చూసిన దిగులు మొహం కాదది. మగ్గు వెనక్కి తీసుకుని, కుంచె ముంచి, ఎల్విన్ ముందు ఇరికించి "సబ్బు" అని రాశాను. బాగానే వచ్చింది.

"సబ్బు వాళ్లమ్మాయీ, మాకు పోసేదేమన్నా ఉందా?" అని గ్లాన్‌మోర్ కేకేశాడు.

"ఆ, వస్తున్నా" అన్నాను. ఒక్క పిలుపుకే వెనక్కి తిరగడం నాకదే మొదటిసారి.