ఎవరివో తెలియని రొట్టెలు

పిండి పిసికి, ఉండలు చేసి, అరచేత్తో అణిచి పలక మీద పేర్చాక చివరగా మిగిలే పని ముద్ర వేయడం. మా ఫెజ్ నగరం పాతబస్తీలో రొట్టెలు ఇంట్లో కాల్చుకోం. పొద్దున్నే వీధి చివరి బట్టీలో ఇచ్చి వస్తాం, మధ్యాహ్నం తెచ్చుకుంటాం. అన్ని ఇళ్ళ రొట్టెలూ ఒకే మంటలో కాలతాయి కాబట్టి ఎవరి గుర్తు వాళ్ళకుంటుంది. మా ఇంటి గుర్తు మా అత్తగారు లల్లా జోర్ దాచుకున్న చెక్క అచ్చు. నడుమ నక్షత్రం, చుట్టూ చుక్కలు. నేను కాపురానికొచ్చిన వారంలోనే దాన్ని నా చేతిలో పెట్టి, "గట్టిగా నొక్కు పిల్లా, మన రొట్టె అని తెలియాలి" అంది. ఆ రోజు నుంచి ఆవిడ పిండిలో చెయ్యి పెట్టలేదు.

మొన్న ఆదివారం ఆ అచ్చు వాడలేకపోయాను. ముందురోజు దానికి నల్లసిరా పూసి కాగితం మీద అద్దాను. కడిగితే పోతుందిలే అనుకుంటే, పాత చెక్క కదా, సిరా మొత్తం తాగేసి కూర్చుంది.

ఇది నాకున్న పిచ్చి. వీధిలో దొరికినవన్నీ ఏరుకొస్తాను. చేపల డబ్బా మూత, చిరిగిన లేసు, పళ్ళూడిన దువ్వెన, ఇత్తడి పనివాళ్ళు పారేసిన రేకు ముక్క, ఏదైనా సరే. సిరా పూసి, మా ఆయన కొట్లో చెప్పుల పెట్టెలకు చుట్టి వచ్చే కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దుతాను. కాగితం ఎత్తే ఆ క్షణంలో నన్ను ఎవరు పిలిచినా పలకను. మా అమ్మ పాత చెప్పు లోపలి అట్టకి కూడా అచ్చు తీశాను. వేళ్ళు నొక్కుకుపోయిన చోట సిరా అంటక తెల్లగా మిగిలింది. అమ్మ ఎప్పుడూ ఫోటో దిగలేదు, నాకున్న ఆనవాలు ఆ ఐదు తెల్లమచ్చలే. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ కాగితాల దొంతర ఒక్కటి.

"ఊరంతా పారేసేది, నువ్వు ఏరుకొచ్చేది! మన వీధికి చెత్త మోసుకెళ్ళే గాడిద ఎందుకు, నువ్వున్నావుగా" అంటాడు మా ఆయన అబ్దుల్‌హఖ్. నవ్వుతూనే అంటాడు. నేనూ నవ్వేదాన్ని.

ఆ ఆదివారం, ఎప్పుడో వీధిలో దొరికిన గడియారపు పళ్ళచక్రం ఒకటి కడిగి, దాంతో రొట్టెల మీద ముద్ర వేసి బట్టీలో ఇచ్చొచ్చాను. ఏదో ఒక గుర్తు ఉంటే చాలనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం మెక్నెస్ నుంచి ఆడపడుచు, ఆమె భర్త భోజనానికొచ్చారు. ఎండు ఆల్‌బుఖారా పళ్ళేసి వండిన మాంసం పొగలు కక్కుతోంది. దాన్ని రొట్టెతో అద్దుకుని తినాలి, వేరే దారి లేదు. అబ్దుల్‌హఖ్ బట్టీకి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు.

"మన రొట్టెలు లేవట. అసలు ఇచ్చొచ్చావా?"

"ఇచ్చొచ్చాను. మీరు సరిగ్గా చూశారా?"

"మా అమ్మ రొట్టె నాకు తెలియదా?"

ఆడపడుచు గిన్నె కేసి చూసి, "పోనీలే తమ్ముడూ, వేళ్ళతో నాక్కుందాం" అంది. పక్క సరుకుల కొట్లో కొనితెచ్చిన గట్టి రొట్టెలతో ఆ పూట గడిచింది. వాళ్ళు అటు వెళ్ళగానే ఆయన మొదలుపెట్టాడు. "ఇంటి మొత్తానికి నువ్వు చేసేది ఒక్క పని. అమ్మ ఉండగా ఒక్కనాడైనా ఇలా జరిగిందా? ఆ చెత్త ఈ పూటే పోవాలి."

అమ్మ ఉండగా కూడా చేసింది నేనే కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. గోధుమపిండి సంచిలో కాగితాలన్నీ కుక్కి, అమ్మ చెప్పు కూడా అందులోనే పడేసి గుమ్మం బయట పెట్టాను. ఆయన చెయ్యి పట్టుకుని చేయించలేదు. నేనే చేశాను.

తర్వాత మనసాగక బట్టీకి వెళ్ళాను. నా రొట్టెలు ఎదురుగా అరలోనే ఉన్నాయి, చల్లారిపోయి, ఒకదాని మీద ఒకటి.

"ఇవా? ఎవరివో తెలియలేదమ్మా, పొద్దున రద్దీలో ఎవరిచ్చారో చూడలేదు. మీ ఆయన కూడా చేత్తో తిప్పి చూసి, మావి కావన్నాడు. ఇద్దరం లల్లా జోర్ రొట్టెల కోసమే వెతికాం" అన్నాడు బట్టీ ముసలాయన.

"ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది!"

"దేవుడు ఆవిడను కరుణించాలి. కానీ ఆవిడ రొట్టెలు రోజూ వస్తూనే ఉన్నాయిగా తల్లీ."

పెళ్ళయిన నాటి నుంచి నా చేతి రొట్టె తింటున్న మనిషి దాన్ని చేత్తో పట్టుకుని మనది కాదన్నాడు. ముసలాయన మీద నాకు కోపం రాలేదు. నామీద నాకే వచ్చింది. ఇన్నేళ్ళూ ఇంకొకరి గుర్తును గట్టిగా నొక్కి నొక్కి పంపింది నేనే కదా! దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. గుమ్మం ముందు సంచి లేదు. చెత్త గాడిద వెళ్ళిపోయింది. ఆ ఐదు తెల్లమచ్చల కోసం గోడకానుకుని ఏడ్చాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అని ఉంటే అవి ఉండేవి.

మర్నాడు వీధిలో దొరికిన సోడా మూత కడిగి రొట్టెల మీద నొక్కి, బట్టీకి పట్టుకెళ్ళాను.

"ఇవెవరివమ్మా?" అన్నాడు ముసలాయన.

"బతూల్‌వి."

"బతూల్ ఎవరు?"

"నేనే."

ఇంటికొచ్చేసరికి అబ్దుల్‌హఖ్ కొట్టుకి బయలుదేరుతున్నాడు. తలుపు దగ్గర దారిచ్చి చెప్పాను.

"మధ్యాహ్నం బట్టీలో బతూల్ రొట్టెలు అని అడగండి. మీ అమ్మ పేరు చెబితే ఇవ్వరు."