సగమే నా దాకా వచ్చింది

నేను ఒక వంకర తీగముక్కని. రాగి రంగు, రెండు కాళ్ళు, మధ్యలో వంపు. చూసినవాళ్ళు విరిగిన తలపిన్ననుకుంటారు. రిపేరు షాపుల్లో నన్ను షంట్ అంటారు. వేడెక్కినా మాట మార్చని లోహంతో నన్ను చేశారు. ఆ లోహంతో మనుషుల్ని చెయ్యరుట, ఖర్చెక్కువని.

నన్నొక ఇన్వర్టర్లో, బ్యాటరీ కరెంటు వెళ్ళే దారిలో అతికించారు. ఇంట్లో ఎంత వాడితే అంత కరెంటు నాలోంచి పోవాలి. పోతున్నప్పుడు నా రెండు కాళ్ళ మధ్య చీమ తుమ్మినంత వోల్టేజి పుడుతుంది. పక్కనే ఆంప్లిఫైయర్ అని ఒక నల్లచిప్పు ఉంది. నా గుసగుసని పెంచి చెప్పడం దాని ఉద్యోగం. మనుషులూ పెంచే చెబుతారు గానీ, మనిషిని బట్టి పెంచుతారు. ఇది ఎప్పుడూ ఒకే లెక్కన పెంచుతుంది, అందుకని నిజం చెడదు. అది చెప్పిందాన్ని బట్టి, బ్యాటరీ ఇంకెన్ని గంటలొస్తుందో డిస్‌ప్లే మీద పడుతుంది.

విజయవాడలో జోగారావు గారి ఫ్లాట్‌కి వచ్చాం. హాల్లో గాజుతొట్టి, దాని కింద మేము. తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు ఆయన భార్య హైమావతివి. ఆ ఇంట్లో ఆవిడ మాట చివరిదాకా వినేది అవే. వాటికి పేర్లు కూడా పెట్టింది. అన్నిటికన్నా లావుదానికి తన ఆడపడుచు పేరు పెట్టిన సంగతి జోగారావుకి తెలియదు. ఎండాకాలం గాలి పంపు ఆగితే అవి బతకవని, కరెంటు పోయినప్పుడల్లా వచ్చి వంగి డిస్‌ప్లే చూసేది. నన్ను నమ్ముకున్న మనిషి ఆవిడొక్కతే.

జోగారావు బాధ వేరు. పైఫ్లాట్ వాళ్ళ ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ కూడా నడుస్తోందని లిఫ్టులో విన్నాడు. ఆ రోజే తన ఫ్రిజ్‌ని కూడా మాకు కలిపించాడు. నేను ఉన్నమాట చెప్పాను. ఇన్వర్టర్ ఓవర్‌లోడని కీచుమంటూ ఆగిపోయింది. మెకానిక్ మీరావలిని పిలిపించాడు.

"పైవాళ్ళది అరవట్లేదయ్యా. మనదే ఎందుకరుస్తోంది?"

"అది కూడా అరిచేది సార్. నేనే నోరు మూయించా." మూత విప్పి నన్ను చూపించాడు. "దీని పక్కన ఇంకో తీగేస్తే సగం కరెంటు అటు పోద్ది. ఇక అరవదు."

"మరి డిస్‌ప్లే?"

"తప్పు చూపిస్తది. చూడకండి."

"దాన్ని మా ఆవిడ తప్ప ఎవరు చూస్తార్లే! కానియ్."

ఆవిడ అప్పుడు వంటింట్లో మీరావలికి టీ పెడుతోంది. బయటికొచ్చేసరికి మూత బిగించేశారు.

"చూశావా హైమా, లోడు సగానికి తగ్గింది!" అన్నాడు జోగారావు.

"మీరావలీ, నీ చేతిలో ఏదో మహిమ ఉందయ్యా," అని ఆవిడ రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టింది.

మే నెలలో వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి కరెంటు పోయింది. ఆ రోజే చుట్టాలింట్లో గృహప్రవేశం.

"మీరు వెళ్ళిరండి. చేపలకి గాలాగిపోతే కష్టం," అంది హైమావతి.

"ఆ డిస్‌ప్లే ఏమంటోందో చూడు."

వంగి చూసింది. "ఆరు గంటలంటోంది."

"ఇప్పుడు పదకొండేగా, మనం నాలుక్కల్లా వచ్చేస్తాం. చీర మార్చుకో." మీరావలి వేసిన తీగ ఆయనకి అసలు గుర్తే లేదు.

ఆవిడ పట్టుచీర కట్టుకొచ్చింది. వెళ్ళేముందు ఇంకోసారి వంగి నన్నే చూసింది. నా దాకా వచ్చిన కరెంటుని నేను పొల్లుపోకుండా చెప్పాను. పక్క తీగలోంచి పోయేది నాకెలా తెలుస్తుంది?

ఇంట్లో మనుషులున్నారని దొంగలు భయపడాలని జోగారావు టీవీ, ఫ్యాన్లు, లైట్లు వేసి తాళం పెట్టాడు. దొంగలెవరూ రాలేదు. ఖాళీ సోఫాకి టీవీలో గోంగూర పచ్చడి నేర్పుతుండగా బ్యాటరీ చచ్చింది. గాలి పంపు గుడగుడ ఆగింది. ఆ తర్వాత చాలాసేపు, పైన చేపలు నీటి మీదికొచ్చి నోళ్ళు తెరుస్తున్న చిన్న చప్పుడు విన్నాను. అదీ ఆగింది.

వాళ్ళు అన్నమాట ప్రకారం నాలుక్కే వచ్చారు. హైమావతి పట్టుచీరతోనే కూర్చుని చేపల్ని ఒక్కొక్కటే తీసింది. ఆడపడుచు పేరున్నదాన్ని చివర తీసింది.

మర్నాడు మీరావలి వచ్చాడు. "ఆరు గంటలని చూపించిందయ్యా. నేను రెండుసార్లు చూసుకునే వెళ్ళాను," అందావిడ.

మీరావలి జోగారావుని చూశాడు. జోగారావు ఫ్యాన్‌ని చూశాడు.

"మిషన్లని నమ్మకూడదు హైమా," అన్నాడు.

పాతది మార్చి కొత్తది తెచ్చుకున్నారు. నేనిప్పుడు మీరావలి షాపులో తుక్కుడబ్బాలో ఉన్నాను. ఆ తీగ ఇంకా నన్నంటుకునే ఉంది. కొత్తదాని డిస్‌ప్లే పెద్దదని, అయినా అమ్మగారు దానివైపే చూడట్లేదని మొన్న మీరావలి ఎవరితోనో అంటుంటే విన్నాను. కరెంటు పోతే మాత్రం ఆవిడ ఇప్పటికీ గడప దాటదుట. తొట్టి ఖాళీగా ఉన్నా సరే.