నేను లెక్కబెట్టిన గొంతులు

నేను ఒక గొంతులు చూసే యంత్రాన్ని. ఆసుపత్రి రిజిస్టరులో నాకు పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గాని, దాన్ని పూర్తిగా పలికిన మనిషి నాకింతవరకు తారసపడలేదు. అందరికీ నేను థైరాయిడ్ మిషన్నే. చక్రాల స్టాండు, దాని మీద సీసపు తొడుగు వేసిన గొట్టం, గొట్టం చివర ఒకే ఒక్క కన్ను, పక్కన అంకెలు చూపించే పెట్టె. ఇంతే నా సంసారం. ఆ కన్ను ఒక స్ఫటికం. అందులోనూ అయోడినే ఉంది, కాకపోతే ఎవరి జోలికీ పోని బుద్ధిమంతమైన రకం. రేడియో అయోడిన్ తాగిన మనిషి గొంతు ముందు నన్ను పెడితే, లోపలి గ్రంథి ఎంత మింగిందో నిమిషానికి ఇంత అని చెప్పేస్తాను. మొహమాటం నాకు తెలియదు. చివరికి నా కొంప ముంచింది అదే.

నేను పుట్టింది దూరదేశపు కార్ఖానాలో. మద్రాసులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఎనిమిదేళ్ళు వాడుకుని, కొత్తది రాగానే నన్ను వదిలించుకున్నారు. గోదావరి జిల్లాలో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు, పేరెందుకు లెండి, నన్ను సెకండ్ హ్యాండులో కొని, రిబ్బను కట్టి, ‘అత్యాధునికం’ అని బోర్డు రాయించి ప్రారంభోత్సవం చేశారు. దసరాకి నా కంటికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. గామా కిరణాలకు పసుపు అడ్డం కాదు గనక సరిపోయింది.

నా ముందు కూర్చునేటప్పుడు ఆడవాళ్ళు మెడలో గొలుసు తీసి ఎవరి చేతిలో పెట్టాలా అని పది నిమిషాలు ఆలోచిస్తారు. మగవాళ్ళు పెళ్ళిఫొటోకి కూర్చున్నట్టు ఊపిరి బిగబడతారు. గొంతు చూశాక తొడ మీద కూడా ఒకసారి చూస్తాను. తొడ దగ్గర వచ్చే అంకె ఒంట్లో తిరుగుతున్న మందుది, గొంతు దగ్గర అంతకు మించి వచ్చేది గ్రంథి దాచుకున్నది. “జబ్బు గొంతులోనండి బాబూ” అని నాకు దారి చూపించే పెద్దమనుషులు వారానికొకరైనా తగిలేవారు.

నన్ను నడిపేది ఎస్తేరురాణి. ఆ విభాగంలో ఉన్నది ఆమె ఒక్కతే టెక్నాలజిస్టు. కాన్పు సెలవు ముగించుకుని వచ్చేటప్పటికి ఇంట్లో పాపకి ఆరు నెలలు, ఇంకా తల్లిపాల మీదే ఉంది. పాలిచ్చే తల్లిని అయోడిన్ గదిలోకి పంపకూడదని గోడకి వేలాడే నియమాలలోనే ఉంది. విభాగం పెద్ద డాక్టరు త్రివిక్రమరావుగారు మాత్రం “రెండు నెలలు సర్దుకోమ్మా, ఇంకొకళ్ళని వేస్తాం” అన్నారు. ఆ రెండు నెలలూ ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ముగుస్తాయో ఎవరికీ తెలియలేదు.

అయోడిన్ గది నా పక్క గదే. సీసపు కుండలో మందు సీసా ఉంటుంది. మూత తీసి రోగికి మందు కొలిచేటప్పుడు అందులో కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాళ్ళ గొంతులోకి వెళ్ళి కూర్చుంటుంది, పాలిచ్చే తల్లయితే పాలలోకీ దిగుతుంది. అందుకే ఆ గాలిని బయటికి లాగేసే ఫ్యాను ఒకటి పెట్టారు. ఫ్యాను తిరిగితే ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని డాక్టరుగారు దాన్ని ఆపించారు. తనిఖీవాళ్ళ కారు గేటు దగ్గరికి రాగానే అది తిరిగేది, కారు వెళ్ళగానే ఆగేది. ఏడాదికి రెండుసార్లు పనిచేసి అలిసిపోయిందేమో, ఒకరోజు పూర్తిగా బిగుసుకుపోయింది.

బాగుచేయించమని ఎస్తేరు మూడు కాయితాలు పెట్టింది. మూడో కాయితానికి డాక్టరుగారు ఆమెని పిలిచారు.

“నీ బ్యాడ్జి రిపోర్టు చూశావుగా? ఏమీ రాలేదు. ఇంక భయమెందుకమ్మా?”

“బ్యాడ్జి ఛాతీ మీద ఉంటుంది సార్. గాలి పీల్చేది ముక్కుతో కదండీ.”

“నాకే పాఠం చెబుతున్నావా?” అని ఆయన నవ్వారు.

బ్యాడ్జి అంటే ఒంటికి తగిలించుకునే చిన్న బిళ్ళ. బయటినుంచి తాకే కిరణాలను లెక్కగట్టడమే దాని పని, పీల్చినదాని సంగతి దానికి పట్టదు. డాక్టరుగారి బ్యాడ్జి అయితే మేకుకి వేలాడే కోటు మీదే ఏడాదంతా ఉండేది. ఆ మేకు ఆరోగ్యం భేషుగ్గా ఉందని మూడు నెలలకోసారి రిపోర్టు వచ్చేది.

ఒక మంగళవారం పొద్దున ఎస్తేరు ఎప్పటిలాగే నన్ను ఖాళీ కుర్చీ వైపు తిప్పింది. రోగులు రాకముందు ఖాళీ గదిలో లెక్క చూడడం మా పద్ధతి. రోజూ నలభైకి అటూ ఇటూ చెప్పేవాణ్ణి. ఆ రోజు రెండొందలు చెప్పాను. ఆమె కుర్చీ తుడిచింది. రెండొందల పది. చేతులు కడుక్కుని ఏప్రను మార్చుకుంది. మళ్ళీ అంతే.

“నూకరాజూ, నిన్న ఇక్కడేమైనా ఒలికిందా?” అని గదులు తుడిచే నూకరాజుని అడిగింది.

“ఆయ్, లేదండి మేడమ్. నేనసలు ముట్టుకోలేదండి.”

నూకరాజుని నా పక్కన నిలబెట్టి తను వరండాలోకి వెళ్ళింది. నలభై రెండు చెప్పాను. తను లోపలికొచ్చింది. రెండొందలు.

అప్పుడామెకి అర్థమైంది. కుర్చీలో కూర్చుని, నా గొట్టాన్ని తన గొంతు ముందుకి లాక్కుంది. వెయ్యిన్నీ నూట ఎనభై. తొడ మీద తొంభై. అబద్ధం చెప్పగలిగితే బాగుండునని నా జన్మలో మొదటిసారి అనిపించింది. నాకు చేతకాలేదు.

“పాపకి పొద్దున పాలిచ్చే వచ్చాను” అంది ఎస్తేరు.

డాక్టరుగారు ఆ అంకెల కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “అది పేషెంట్ల కోసం పెట్టిన మిషనమ్మా, స్టాఫ్‌ని చూడ్డానికి కాదు” అన్నారు. ఆమె కదలకపోయేసరికి, “పాతదైపోయింది, దాని లెక్కలు నమ్మలేం” అన్నారు. ఆ పూట నేను చెప్పిన ఏడుగురు రోగుల లెక్కల మీద అంతకు ముందే సంతకం పెట్టి పంపించారు. అదే పెన్నుతో నేను పనికిరానని కూడా రాశారు. సాయంత్రానికి నూకరాజు నన్ను తోసుకెళ్ళి మెట్ల కింద సామాన్ల గదిలో, విరిగిన చక్రాల కుర్చీల మధ్య పెట్టాడు.

ఎస్తేరు ఆ రోజే పాపకి పాలు మాన్పించింది. ఫ్యాను తిరిగేదాకా అయోడిన్ గదిలో అడుగుపెట్టనని రాసిచ్చింది. మెమో ఇచ్చినా కదల్లేదు. రోగులు బయట వరసగా కూర్చుని ఉన్నారు, మందు కొలిచేవాళ్ళు లేరు. ఇక తప్పక డాక్టరుగారే కోటు వేసుకుని సీసా మూత తీయడం మొదలుపెట్టారు.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, సామాన్ల గది తాళం తెరుచుకుంది. డాక్టరుగారు ఒక్కరే వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, నా ప్లగ్గు పెట్టి, టై వదులు చేసి, చక్రం లేని చక్రాల కుర్చీలో జాగ్రత్తగా కూర్చున్నారు. ఎనిమిదొందల అరవై చెప్పాను. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టారు. ఎనిమిదొందల యాభై ఐదు. జేబురుమాలుతో నా కన్ను తుడిచి మూడోసారి చూశారు. తొడ మీద కూడా పద్ధతిగా చూసుకున్నారు. పాడైపోయిన యంత్రాన్ని కదా, నన్ను అంత శ్రద్ధగా నమ్మినవాళ్ళు నా జీవితంలో ఇంకొకరు లేరు.

మర్నాడు పన్నెండయ్యేలోగా కొత్త ఫ్యాను బిగించారు. ఏసీ చల్లదనం మాట ఎవరూ ఎత్తలేదు. ‘సిబ్బంది ఆరోగ్యమే మాకు ముఖ్యం’ అని డాక్టరుగారి ఫొటోతో వరండాలో పెద్ద ఫ్లెక్సీ కూడా లేచిందట. నన్ను మాత్రం పైకి తీసుకెళ్ళలేదు. నేను బాగానే ఉన్నానని ఒప్పుకుంటే ఆ రోజు రాసిన కాయితం అబద్ధమవుతుంది మరి.

రెండు నెలలయ్యాక ఎస్తేరు నూకరాజుని వెంటబెట్టుకుని వచ్చింది. నా దుమ్ము దులిపి గొంతు ముందు పెట్టుకుంది. నలభై ఆరు చెప్పాను. ఇంత సంతోషంగా ఏ అంకే చెప్పలేదు నేను.

“తగ్గిపోయిందండి మేడమ్” అన్నాడు నూకరాజు, పెట్టెలోకి తొంగిచూసి. “ఇంక పాపకి పాలిచ్చెయ్యొచ్చండి.”

ఎస్తేరు గొట్టాన్ని పక్కకి తిప్పింది. “పాలు ఇంకిపోయి మూడు వారాలైంది నూకరాజూ” అని చెప్పి, వంగి నా ప్లగ్గు తీసేసింది.