ముందు బెంచీ

ముందు బెంచీ మీది సిరా మరక ఎంత రుద్దినా పోవడం లేదు. ఆయమ్మ తడిగుడ్డతో తుడిచి, సబ్బు రాసి, ఆఖరికి గోళ్లతో గీకి చూసింది. తరగతి గది ఇంకా ఖాళీగానే ఉంది గానీ, వరండాలో హెడ్మాస్టరు బూట్ల చప్పుడు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పొద్దున్నుంచీ ఆయనకు కాలు నిలవడం లేదు.

"ఇంకా అవలేదా? వాళ్లు బయల్దేరారంట. దొడ్లు కడిగావా?"

"కడిగానండి."

"మళ్లీ కడుగు. మీ పిల్లకి తల దువ్వావా?"

"దువ్వానండి."

"చెవి మిషను పెట్టు. కనపడేలా పెట్టు. జుట్టు అడ్డం రాకుండా వెనక్కి లాగి జడెయ్యి."

ఆ చెవి మిషను గురించి చెప్పుకోవాలి. ఎప్పుడో ఏదో సభలో ఎవరో పెద్దమనిషి ఆయమ్మ కూతురు పిట్ట చెవికి దాన్ని తగిలించి ఫోటో దిగాడు. కొన్నాళ్లకే అది మూగబోయింది. బాగుచేయించమని ఆయమ్మ అడిగితే హెడ్మాస్టరు దాన్ని పుచ్చుకుని తన బీరువాలో పెట్టుకున్నాడు. ఇంతవరకు బాగుచేయించిందీ లేదు, తిరిగి ఇచ్చిందీ లేదు. ఎవరైనా బడి చూడటానికి వస్తున్నారంటే చాలు, బీరువా తాళం తీస్తాడు. ఆ కాసేపూ పనిచెయ్యని మిషను వినపడని చెవికి వేలాడుతుంది. వచ్చినవాళ్లు అది చూసి, ఆహా, ఎంత మంచి బడి అనుకుని వెళ్లిపోతారు.

ముందు బెంచీ సంగతీ అంతే. ఎవరైనా వస్తే పిట్ట చోటు ముందు బెంచీలో, సరిగ్గా టీచరమ్మ బల్లకి ఎదురుగా. తిరిగి వెళ్లే వాళ్ల కారు గేటు దాటిందో లేదో టీచరమ్మ గడ్డంతో వెనక్కి చూపిస్తుంది. పిట్ట పలక పట్టుకుని వరండా చివరనున్న సామాన్ల గదికి వెళ్లిపోతుంది. విరిగిన బెంచీలు, ఇనప చువ్వలు, పాత చీపుళ్లు, వాటి పక్కన ఒక గోనెపట్టా, ఆ పట్టా మీద పిట్ట.

"నేనేం రాక్షసినా?" అని ఒకసారి టీచరమ్మే ఆయమ్మ మీద విరుచుకుపడింది. "ఇంతమందికి చెప్పాలా, దీని ఒక్కదాని మొహంలోకి చూస్తూ కూర్చోవాలా? నేను బోర్డు వైపు తిరిగితే దానికి ఒక్క ముక్క అందదు. మిగతా పిల్లల అమ్మానాన్నలు నా మీదకొస్తున్నారు, క్లాసు వెనకబడుతోందని. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

టీచరమ్మ అన్నదాంట్లో ఒక్క మాట మాత్రం నిజం. ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా చెబితే పిట్టకు అంతా అర్థమవుతుంది. వచ్చినవాళ్ల ముందు మంచి పేరు కోసం టీచరమ్మ పిట్ట వైపు తిరిగి, నవ్వుతూ, విడమరచి చెబుతుంది కదా, ఆ కాస్త సమయంలోనే పిట్ట తీసివేతలు నేర్చేసుకుంది. ఇంకెవరో వచ్చిన రోజు గడియారం చూడటం నేర్చుకుంది. చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్లు ఉన్నంతసేపు అందినదే ఆ పిల్ల చదువు. వాళ్లు వెళ్లిపోతే మళ్లీ ఎవరో వచ్చేదాకా సెలవే.

అందుకే ఆయమ్మకు ఆ బెంచీ మీద అంత ఆశ. బడి వదిలాక హెడ్మాస్టరు ఇంటికెళ్లి గిన్నెలు తోముతుంది, బట్టలు ఉతుకుతుంది. ఆ పనికి జీతమూ లేదు, భత్యమూ లేదు. "సార్, పిల్లని ముందు బెంచీలో ఉండనివ్వండి సార్" అని అడిగినప్పుడల్లా ఆయన "వచ్చే ఏడు చూద్దాంలే" అంటాడు. ఆ 'చూద్దాంలే' కోసమే ఆమె తోముతూ వచ్చింది. పిచ్చితల్లి! మాట వింటూ పోతే ఎప్పటికైనా మనసు కరుగుతుందనుకుంది.

మొన్నామధ్య కూడా ఆయమ్మ ఆయన ఇంట్లోనే ఉంది. వాళ్లింటికి ఎవరో భోజనానికొస్తున్నారని బడి వదలకముందే పంపించాడు. ఇక్కడ వాచ్‌మన్ సామాన్ల గది గుమ్మంలో నిలబడి "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని కేకేసి, జవాబు రాకపోయేసరికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు. విరిగిన బెంచీల వెనక పట్టా మీద కునుకు తీస్తున్న పిల్లకి ఆ కేక ఎలా వినపడుతుంది? బడి మొత్తం ఖాళీ అయిపోయింది. ఇంటికెళ్లి చూస్తే పిట్ట లేదు. ఆయమ్మ వీధులన్నీ తిరిగి తిరిగి, ఏడుస్తూ బడికి పరిగెత్తింది. వాచ్‌మన్ తలుపు తీసేసరికి పిల్ల గౌను తడిసిపోయి ఉంది. తలుపు బాది బాది అరచేతులు కమిలిపోయాయి. గొంతు పోయి ఏడుపు కూడా రావడం లేదు.

మర్నాడు హెడ్మాస్టరు చాలా తేలిగ్గా తేల్చేశాడు. "వాచ్‌మన్ పిలిచాడంట కదా. పలకాలి కదా మరి."

పలకలేదు కాబట్టి తప్పు పిల్లదే అయింది. ఆయమ్మ 'అవునండి' అంది. ఆ సాయంత్రం కూడా వెళ్లి గిన్నెలు తోమింది.

ఇక ఈ రోజు వస్తున్నవాళ్లు మామూలు వాళ్లు కారు. ఏదో పెద్ద కాలేజీలో పరిశోధన చేసేవాళ్లట. పిల్లల చదువెలా ఉంది, బడిలో భయం లేకుండా ఉన్నారా, అందరినీ కలుపుకుపోతున్నారా లేదా అని బడి బడీ తిరిగి రాసుకుంటున్నారట. వాళ్లేం చేస్తారో పక్క బడివాళ్లని అడిగి హెడ్మాస్టరు ముందే ఆరా తీశాడు. పెద్ద అట్ట మీద బడి పటం గీసి పెడతారు. పిల్లలకు గుండ్రటి స్టిక్కర్లు ఇస్తారు. హాయిగా ఉండే చోట పచ్చది, భయమేసే చోట ఎర్రది అంటించమంటారు.

నిన్నంతా ఆయన తరగతిలో నిలబడి దాన్నే వల్లె వేయించాడు. "ఒక్కటంటే ఒక్క ఎర్రది కూడా లేకపోతే వాళ్లకి అనుమానమొస్తుంది. కాబట్టి ఎర్రవన్నీ గేటు బయట రోడ్డు మీద పెట్టండి. లారీలంటే భయం అని చెప్పండి. రోడ్డు మనది కాదు, గొడవ లేదు." పిల్లలు ఊ కొట్టారు. అందరికీ నేర్పిన ఆ పాఠాన్ని పిట్టకు నేర్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ టైములో ఆ పిల్ల సామాన్ల గదిలో ఉంది. అసలు దానికి ఏ పాఠం చెప్పారు గనక, ఇది చెప్పడానికి!

కారు వచ్చింది. సర్వే మేడం దిగింది, వెనకే పెద్ద అట్ట మోసుకుంటూ ఒక కుర్ర సహాయకురాలు. మేడం మంచిదే, పలకరింపూ మెత్తగానే ఉంది, కానీ మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. మధ్యాహ్నానికి ఇంకో బడికి వెళ్లాలట. తరగతిలోకి అడుగుపెట్టగానే ఆమె చూపు పిట్ట చెవి మిషను మీద పడింది. హెడ్మాస్టరు మొహం వెలిగిపోయింది.

"మా దగ్గర తేడాలు లేవండి. అందరూ సమానమే. ఇదిగో, ఈ పాప ఎప్పుడూ ముందు బెంచీలోనే."

చీపురు పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డ ఆయమ్మకు ఒళ్లు మండింది. తల వంచుకుంది.

మేడం సరిగ్గా పిట్ట ఎదుట వంగి కూర్చుంది. మిషను చూసింది కదా, ఒక్కో మాటా విడదీసి, నోరు బాగా తెరిచి చెప్పింది. ఇది మీ బడి. ఇది గేటు. ఇది మీ గది. ఇది వరండా. భయమేసే చోట ఎర్రది. హాయిగా ఉండే చోట పచ్చది. ఎవరూ కోప్పడరు.

పిట్ట కళ్లు మేడం పెదాల మీదే ఉన్నాయి. తలూపింది.

పిల్లలు వరసగా లేచి రోడ్డంతా ఎర్రగా చేశారు. ఒక్క లారీ కూడా రాని ఆ చిన్న సందంటే ఆ బడి పిల్లలకు అంత భయమని ఎవరికి తెలుసు? మేడం పక్కనున్న అమ్మాయి చకచకా రాసుకుంటోంది. చివరికి పిట్ట వంతు వచ్చింది. పటం మీద వేలితో వరండా వెంబడి వెతుక్కుంటూ చివరిదాకా పోయింది. అక్కడ చిన్న చదరం ఉంది. చేతిలో ఉన్న ఎర్ర స్టిక్కర్లన్నీ ఆ చదరం మీదే, ఒకదాని మీద ఒకటి, బొటనవేలితో నొక్కి నొక్కి అంటించింది. ఒక్క పచ్చది మిగిలింది. దాన్ని తీసుకొచ్చి తను కూర్చున్న ముందు బెంచీ మీద అంటించింది.

మేడం పటం మీదకి వంగింది.

"ఇదేంటండీ, ఈ గది?" అంది మేడం.

"ఏముందండీ, పాత సామాన్లు." హెడ్మాస్టరు నవ్వాడు. "పాపం, ఆ పిల్లకి బుర్ర ఎదగలేదు. రంగు బావుందని అక్కడ అంటించింది. దానికి ఇవన్నీ ఏం తెలుస్తాయి?"

మేడం చేతిలో కలం ఆగింది. "అర్థం కాని పిల్లల జవాబులు మేం లెక్కలోకి తీసుకోమండీ. కానీ ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒక్క మాట చెప్పాలి."

"ఇంట్లోవాళ్లు ఎక్కడో ఎందుకు, ఇదిగో, వాళ్లమ్మే మా ఆయా." ఆయన గొంతు తేనెలా ఉంది. కళ్లు మాత్రం ఆయమ్మ మొహంలో గుచ్చుకున్నాయి. "చెప్పమ్మా. నీ కూతురికి ఏమీ తెలీదు కదా? చెప్పు, మేడంకి టైమవుతోంది."

'అవునండి' అంటే అయిపోతుంది. ఇన్నేళ్లుగా ఆ మాట తప్ప ఆమె నోటి నుంచి ఇంకో మాట వచ్చిందా? దొడ్లు కడుగు అంటే అవునండి, ఇంటికొచ్చి గిన్నెలు తోము అంటే అవునండి, పలకాలి కదా అంటే అవునండి. ఇప్పుడూ అనేస్తే పని నిలబడుతుంది. ఇంకెవరో వచ్చిన రోజు పిల్లకి ఇంకో ముక్క చదువు అందుతుంది. కాదంటే ఆ కాస్తా పోతుంది. ఆయమ్మ పెదాలు కదిలాయి కూడా.

అప్పుడు చూసింది పిట్ట వైపు. పిల్ల మేడంనీ చూడటం లేదు, హెడ్మాస్టరునీ చూడటం లేదు. తల్లి నోటినే చూస్తోంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ పిల్ల మొదట చదువుకున్నది ఆ పెదాలనే. వీపు తిప్పుకుని చెబుదామన్నా కాళ్లు కదల్లేదు. తన కూతురికి ఏమీ తెలియదన్న మాట, ఆ కూతురికి తెలిసేలాగే చెప్పాలి.

"అన్నీ తెలుసండి దానికి" అంది ఆయమ్మ.

"ఏయ్!"

"తెలిసే అంటించింది. ఆ గదిలో పెట్టి తాళం వేసి పోయారు మేడం. నన్ను ఈ సారు ఇంట్లో గిన్నెలు తోమడానికి పంపించి, నా బిడ్డని అందులో పెట్టి తాళం వేశారు. బాది బాది చేతులు వాచిపోయాయి. దాని చోటు ఆ గదేనండి. ముందు బెంచీ మీరొచ్చారని. ఈ మిషను కూడా మీరొచ్చారనే. పనిచెయ్యదు. కావాలంటే మీ చెవిలో పెట్టుకుని చూడండి."

హెడ్మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. టీచరమ్మ చాక్‌పీసు చితికేలా నలుపుతోంది. మేడం కలం మూత పెట్టి, "చాలా బాధగా ఉందమ్మా. కానీ మేం ఏ బడి పేరూ బయటపెట్టం. అన్ని బళ్లూ కలిపి ఒకే నివేదిక వస్తుంది. విడి ఫిర్యాదులు మా పరిధిలోకి రావు" అంది. "ఈ స్టిక్కర్లు మాత్రం తీసెయ్యను. ఉంచుతాను."

"ఉంచి ఏం చేస్తారండి?" అని అడిగింది ఆయమ్మ.

మేడం వాచీ చూసుకుంది. కుర్రమ్మాయి అట్ట సర్దుతూ కళ్లు తుడుచుకుంది. పోతూ పోతూ మేడం పిట్ట తల నిమిరింది. కారు గేటు దాటింది.

"ఆ మిషను ఇటియ్యి." హెడ్మాస్టరు చెయ్యి చాచాడు. "అన్నం పెట్టిన చేతినే కరిచావు కదే! పో, దాన్ని తీసుకుని పో. రేపట్నుంచి పనిలోకి రాకు."

అలవాటు ప్రకారం టీచరమ్మ గడ్డం వెనక్కి చూపించింది. పిట్ట పలక తీసుకుని లేచింది.

ఆయమ్మ గదిలోకి వచ్చింది. పిల్ల చెవి నుంచి మిషను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఒక చెయ్యి భుజం మీద వేసి, ఇంకో చేత్తో పిల్ల గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. పెదాలు బాగా కనపడేలా, ఒక్క మాట అంది.

"కూర్చో."

పిట్ట కూర్చుంది.

"నీకు కాదూ చెప్పేది? పనిలోకి రావద్దన్నాను!"

"పనిలోకి రానండి. పిల్లని బడికి దింపడానికి వస్తాను. రోజూ వస్తాను. అది ఎక్కడ కూర్చుందో చూసి పోతాను."

చీపురు గోడకి ఆనించి, ఆయమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. హెడ్మాస్టరు ఏదో అరుస్తున్నాడు. పిల్లలంతా బిక్కచచ్చి చూస్తున్నారు. టీచరమ్మ ఎవరి వైపూ చూడకుండా బోర్డు వైపు తిరిగి ఏదో రాయడం మొదలుపెట్టింది. ముందు బెంచీలో పలక ఒళ్లో పెట్టుకుని పిట్ట, ఆమె ఎప్పుడు ఇటు తిరుగుతుందా అని, ఆ వీపు వైపే చూస్తూ కూర్చుంది.