కాలికి దారమున్న పిట్ట

బోధన్ శివారులో సుధారాణి ఇల్లు. పెరటి గోడ దాటితే చెరకు తోటలే. జామకొమ్మకు మూకుడు వేలాడదీసి రోజూ కొర్రలు పోస్తుంది. వచ్చేవి పిచ్చుకలే. ఆ మంగళవారం మాత్రం బొటనవేలంత పిట్ట ఒకటి వచ్చింది. పండుమిరపలా ఎర్రగా, ఒంటినిండా తెల్ల చుక్కలు. సన్నగా కూసింది.

సుధారాణి వంటింటి కిటికీలోంచి ఫోన్‌తో ఫొటోలు, వీడియో తీసింది. పెద్దది చేసి చూస్తే పిట్ట కాలికి నీలం దారం. ఎవరో కట్టిందే.

అప్పుడే గోడ మీదుగా పక్కింటి రాజలింగు తొంగిచూశాడు. ఏడాదిగా పలకరించని మనిషి.

"ఏం ఫొటోలు దీస్తున్నవమ్మా?"

"పిట్ట ఫొటోలండీ."

"మా ఇల్లు గూడ పడ్డదా అండ్ల?"

మర్నాడు మళ్లీ వచ్చాడు. "ఎవలకన్న పంపినవా ఫొటోలు?"

మూడో రోజు అతని గోడ మీద వెదురుబుట్ట కనిపించేసరికి సుధారాణికి అనుమానం గట్టిపడింది. పిట్టల్ని పట్టి అమ్ముతున్నాడు! ఫారెస్టు వాళ్ల నంబరు వెతికింది. ఫోన్ చేసేముందు కళ్లారా చూద్దామని నేరుగా అతని ఇంటికి వెళ్లింది.

లోపల మంచం మీద రాజలింగు భార్య హన్మవ్వ. తుంటి విరిగి మూడు నెలలుగా లేవలేదు. పక్కనే ఖాళీ పంజరం.

"ఆ పిట్ట మీదేనా?" అంది సుధారాణి.

రాజలింగు తల దించుకున్నాడు. "ఈమెకు పొద్దు పోతలేదని నిజామాబాద్‌ల కొన్న. సాదితే కేసైతదని తర్వాత తెల్సింది. నన్ను పట్టియ్యనీకే ఫొటోలు దీస్తున్నవనుకున్న. పంజరం తలుపు సరిగ్గ పెట్టక ఎగిరిపోయింది."

"నువ్వు సరిగ్గనే పెట్టినవ్," అంది హన్మవ్వ. "నేనే ఇడిసిన. దినమంత పంజరం సీకులకు ముక్కు కొడుతుండె. నాకైతే లేవస్తలేదు, దానికేమైంది?"

సుధారాణి వీడియో చూపించింది. హన్మవ్వ ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత కాలి దారం చూసి, "అమ్మినోడు కట్టిండు. ఏ కొమ్మకన్న సిక్కుకుంటే సస్తది. తీసెయ్యుండ్రి," అంది.

మర్నాడు మూకుడు కింద పెట్టి, పైన బుట్ట వాలుగా నిలబెట్టారు. పిట్ట దొరికింది. రాజలింగు పట్టుకుంటే సుధారాణి గోళ్ల కత్తెరతో దారం కోసింది. అయినా అతని పిడికిలి విడలేదు. సుధారాణి ఆ చేతినే చూస్తూ నిలబడింది.

కాసేపటికి వేళ్లు విప్పాడు. పిట్ట గోడ మీదుగా చెరకులోకి పోయింది.

"ఇంట్ల చెప్పొస్త," అని రాజలింగు గబగబా నడిచాడు.