మంగళవారం, శనివారం మాత్రమే

మసౌత్సో పిండిమరకు ఏటా డిసెంబరులోనే కష్టకాలం మొదలవుతుంది. గాదెల్లో పాత మొక్కజొన్న అడుగంటుతుంది. కొత్త పంట ఏప్రిల్‌కి గానీ చేతికి రాదు. ఆ నడుమ నెలల్లో ఊరంతా పచ్చి మామిడికాయలు ఉడకబెట్టుకుని తింటుంటే, మర ఈగలు తోలుకుంటూ ఉంటుంది. ఈ ఏడు డీజిలు కూడా మండిపోతోంది. ఏప్రిల్ దాకా ఎలాగోలా నెట్టుకొస్తే బస్తాలకు బస్తాలు వస్తాయి, మర బతుకుతుంది. లేకపోతే ఇంజను అమ్మెయ్యడమే.

యాంఖో మసౌత్సోకి మేనల్లుడు. మామ తరవాత ఆ మర అతనిదే. అతన్ని పట్నం పంపి డిగ్రీ దాకా చదివించింది కూడా ఆ మరే. ఆ ఇంట్లో అంతకుముందు పెద్ద చదువు చదివినవాళ్లు లేరు. ఉద్యోగం దొరక్క తిరిగొచ్చినవాడు, తిన్న తిండికి ఏదో ఒకటి చెయ్యాలని మర దగ్గర కొన్నాళ్లు ఊరికే కూర్చుని చూశాడు.

ఒకామె పళ్లెం గింజలతో వస్తుంది. ఇంజను వేస్తారు. ఆ గింజలు ఇట్టే అయిపోతాయి. ఇంకొకామె దూరాన దారిలో కనబడుతోంది కదా అని ఇంజను ఆపరు. ఆమె వచ్చి, గిన్నె దించి, అందరి బాగోగులూ అడిగేసరికి బోలెడంత డీజిలు తగలబడిపోతుంది.

"మామా, మనం ఆడిస్తున్నది మొక్కజొన్న కాదు, గాలి" అన్నాడు ఒకనాడు.

"గాలి పిండితో న్సిమా ముద్ద కుదరదు గదరా అల్లుడూ!" మసౌత్సో నవ్వాడు.

"నవ్వకు మామా. రోజూ వద్దు. మంగళవారం, శనివారం పెట్టుకుందాం. అందరూ ఒక్కసారే వస్తారు. వరసగా ఆడించి ఆపేస్తే సగం డీజిలు మిగులుతుంది. ఏప్రిల్ దాకా లాగొచ్చు."

మసౌత్సో గడ్డం గోక్కున్నాడు. "అంత ఖర్చుపెట్టి చదివించి నీ మాట వినకపోతే తెలివితక్కువవాణ్ణి నేనే అవుతా. కానియ్."

యాంఖో రేకు ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి కొట్టాడు. మొదటి మంగళవారం వరస రోడ్డు దాకా సాగింది. మామ డీజిలు పీపా మీద వేళ్లతో కొట్టి, మోత విని, మేనల్లుడి భుజం తట్టాడు. శనివారం వరస పలచబడింది. ఆ పై మంగళవారం ఎవరో నలుగురొచ్చారు. డీజిలు మాత్రం బాగానే మిగిలింది. ఆడించడానికి గింజలుంటే కదా ఖర్చయ్యేది!

పొద్దున లేస్తే ఏ వాకిట్లో చూసినా రోకటి పోట్లే.

యాంఖో నేరుగా ఫలేసి వాకిట్లోకి వెళ్లాడు. ఆవిడ తల్లి వైపు బంధువు, అతనికి పిన్ని వరస. కోడలితో కలిసి దంచుతోంది.

"మర ఉండగా రోకలి పట్టావేం పిన్నీ?"

"ఇవాళ గురువారం కదా నాయనా. నీ బోర్డు మా ఆకలికి చదివి వినిపించు. చదువుకున్నవాడివి, నీ మాట విని శనివారం దాకా ఆగుతుందేమో."

కోడలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున ఎవరి పొలంలోనో కలుపు తీస్తే సాయంత్రం పళ్లెం గింజలిస్తారు" అంది ఫలేసి, రోకలి ఆపకుండానే. "అవి ఆ పూటకే. శనివారానికి దాచే ఇల్లేదో చెప్పు, మేం పోయి అక్కడే తింటాం."

ఆ సాయంత్రం యాంఖో మామతో ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇంట్లో గింజలున్నవాళ్లకి సరిపోయే లెక్క వేశాను మామా. ఇప్పుడు ఎవరింట్లోనూ లేవు."

"రోజూ వేసినా అంతేరా, లేవు" అన్నాడు మసౌత్సో.

అయినా మళ్లీ రోజూ వేశారు. కొందరు తిరిగొచ్చారు. కొందరు, చేతులుండగా మరకి కూలి ఇవ్వడమెందుకని రోకలి వదల్లేదు. ఇంజను మళ్లీ గాలి ఆడించింది. జనవరి ఆఖరుకి పీపా ఎండిపోయింది. మర మూతబడింది.

ఫిబ్రవరిలో బేరగాడు వచ్చాడు, ఇంజను నడిపి చూడనిదే కొననని తన డీజిలే తెచ్చుకుని. యాంఖో హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. ఆ చప్పుడు పొలాల మీదుగా పోయింది. కాసేపటికి గిన్నెలు, పళ్లేలు, కొంగు మూటలు పట్టుకుని ఆడవాళ్లు పరుగు నడకన రాసాగారు.

బేరగాడు కంగారుపడ్డాడు. "ఇంత బేరం ఉండగా అమ్ముతారేంటయ్యా?"

"వాళ్ల గింజలు తొట్టిలో పొయ్యనీ. ఉత్తినే తిప్పితే మర పని నీకెలా తెలుస్తుంది?" అన్నాడు మసౌత్సో.

డబ్బు తీసుకోకుండానే ఆడించారు. ఒక్కొక్కరి గిన్నె యాంఖోయే అందుకుని తొట్టిలో ఒంపాడు. ఏ గిన్నే చేతికి బరువనిపించలేదు. ఊరు ఊరంతా వచ్చింది. అందరిదీ కలిపినా ఒక బస్తా నిండదు. మంగళవారమైనా, రోజూ అయినా ఉన్నది ఇంతే.

"పైసా లేకుండా ఆడిస్తున్నారే! మర బాగా కలిసొచ్చిందన్నమాట!" అంటూ వచ్చింది ఫలేసి.

"అమ్మేశాం పిన్నీ."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇదుగో, ఈయనే కొన్నాడు."

ఆవిడ బేరగాడి వంక చూసింది. ఆడించిన పిండి గిన్నె అందుకుని, అంచుకంటిన పిండి వేలితో లోపలికి తోసుకుని, తల మీద పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంజను చల్లారాక బేరగాడు వెంట తెచ్చిన మనుషులు బోల్టులు విప్పబోయారు. తుప్పు పట్టి కదల్లేదు. వాళ్లకు సాధ్యపడక పిలిస్తే, యాంఖో కూడా వెళ్లి స్పానర్ మీద బరువు వేశాడు.