వాగు దాటని రోజు

పడవరేవులో తన టూరు జనం కోసం ఎదురుచూస్తున్న గైడమ్మకు, ఆ జనంలో కన్నతల్లి కనబడింది. అందరికంటే ముందే పడవెక్కి, ఎండ పడని చోటు చూసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఇదేమిటి?"

"ఏముంది, టూరు. నాలుగు రోజులు అడవిలో తిప్పి జంతువుల్ని చూపిస్తారట. మీ ఆఫీసులో పిల్ల ఫోనులో ఎంత మర్యాదగా మాట్లాడిందనుకున్నావ్. గైడువి నువ్వేనని కూడా చెప్పింది."

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెప్తే రానిచ్చేదానివా?"

రానిచ్చేది కాదని ఇద్దరికీ తెలుసు.

తల్లిని వాళ్ళ బజారులో అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. భర్త పోయినప్పుడు బడికెళ్ళే పిల్లతో, ఒక పాత కుట్టుమిషనుతో మిగిలిన మనిషి. మెట్లకింద గదిలో మొదలుపెట్టిన కుట్టు ఇప్పుడు వీధివైపు అద్దాల తలుపున్న దుకాణమైంది. ఆమె కుట్టిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదని పేరు. ఆ దుకాణం కూతురికి అప్పగించి గల్లాపెట్టె దగ్గర కాలు మీద కాలేసుకు కూర్చోవాలని ఆమె కోరిక. కూతురేమో చదువు అవుతూనే అడవి దారి పట్టింది. వయసులో ఉన్న పిల్ల ముచ్చట, అదే తీరిపోతుందిలే అనుకుంది టైలరమ్మ. తీరలేదు. ఫోను చేస్తే సిగ్నలుండేది కాదు, సిగ్నలున్న రోజున కోతుల కబుర్లు తప్ప ఇంటి కబుర్లుండేవి కావు. ఇలా లాభం లేదని తానే బయల్దేరింది. పారిపోవడానికి వీల్లేని చోట నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నచ్చజెబితే ఒప్పుకోక ఏం చేస్తుందని ఆమె ధీమా. బేరం కుదరని గిరాకీని ఆమె జన్మలో చూడలేదు.

పడవలో ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన పళ్ళ డాక్టరు. మెడలో చంటిబిడ్డంత కెమెరా వేలాడుతోంది. రెండోది ఆయన భార్య. జలగల పేరు వింటేనే ఆవిడ కాళ్ళు పైకి ముడుచుకుంటోంది. వెనకాల మూటల మధ్య వంటాయన కునుకుతున్నాడు. గైడమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది.

రేవు కనుమరుగు కాగానే టైలరమ్మ గొంతు సవరించుకుంది. "అది కాదే చిన్నీ, దుకాణం పక్క గది ఖాళీ అయింది..."

గైడమ్మ అరచెయ్యి పైకెత్తింది. పడవ ఇంజను ఆగింది. ఒడ్డున వంగిన కొమ్మ మీద నీలిరంగు పిట్ట ఒకటి నీళ్ళలోకి రివ్వున దూకి, చేపతో పైకి లేచింది. డాక్టరు కెమెరా టకటకలాడింది. టైలరమ్మ మాట గొంతులోనే ఉండిపోయింది.

మొదటి రోజంతా అదే వరస. ఆమె నోరు తెరవడం, కూతురు చెయ్యెత్తడం. పడవ దిగి అడవిలో నడక మొదలయ్యాక మాట్లాడటమే నిషేధమన్నారు. చెట్లు ఎంత దట్టమంటే మిట్టమధ్యాహ్నం కూడా దీపం పెట్టని గదిలా ఉంది. నేల ఎక్కడా గట్టిగా లేదు. కుళ్ళిన ఆకులు కాళ్ళ కింద మెత్తగా అణుగుతున్నాయి. ముందు వెళ్తున్న కూతుర్ని చూడటం తప్ప టైలరమ్మకు వేరే పనిలేదు.

ఇంట్లో ఉన్నప్పుడు ఆ పిల్ల నడిస్తే గిన్నెలు దొర్లేవి. ఇక్కడ ఎండుటాకు చప్పుడు కూడా లేదు. నాలుగడుగులు వేసి ఆగుతుంది, చెవి రిక్కిస్తుంది, గాలి పీలుస్తుంది. ఒకచోట ముక్కు చూపించి, పీల్చమని అందరికీ సైగ చేసింది. పచ్చి ఉల్లిపాయలాంటి ఘాటు వాసన. "అడవిపంది. ఇప్పుడే వెళ్ళింది," అని పెదవులు మాత్రం కదిపింది. డాక్టరు కెమెరా ఎత్తి ఖాళీ దారిని చూసి దించేశాడు.

ఆ సాయంత్రం మకాం దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, మేజోడు లోపల నిండుగా తాగి ఉబ్బిన జలగ కనబడింది టైలరమ్మకు. డాక్టరు భార్య కెవ్వుమంది. టైలరమ్మ మాత్రం జలగను గోటితో నెట్టి అవతల పారేసి, "తాగింది చాల్లే, పో," అంది. ఆ దెబ్బతో డాక్టరు భార్యకు ఆమె అక్కయ్యగారైపోయింది.

కూతుర్ని పట్టుకుందామని చూస్తే, ఆ పిల్ల గుడారాల తాళ్ళు బిగించడం, నీళ్ళు మరగబెట్టించడం, మర్నాటి దారి గురించి వంటాయనతో మాట్లాడటం పూర్తయ్యేసరికి టైలరమ్మకు నిద్ర ముంచుకొచ్చింది.

రెండో రోజు అడవి కాస్త కరుణించింది. పెద్దముక్కు పిట్టల జంట ఒకటి, రెక్కలు రైలింజనులా హోరెత్తుతుండగా తలమీదుగా పోయింది. కోతుల గుంపొకటి పైనుంచి పండ్ల తొక్కలు వీళ్ళ మీద విసిరింది. అయినా డాక్టరు మనసు వీటిమీద లేదు. ఆయన దృష్టంతా ఉప్పుగుంట మీదే. వాగుకు అవతల, ఉప్పు మట్టి నాకడానికి పెద్ద జంతువులన్నీ వచ్చే చోటది. మూడో రోజు అక్కడికి తీసుకెళ్తామని టూరు వాళ్ళు చెప్పారు. ఆయన వచ్చిందే అందుకు.

మూడో రోజు పొద్దున్నే అందరూ వాగు దగ్గరికి చేరారు. మకాంలో చినుకు కూడా పడలేదు. వాగు మోకాళ్ళ లోతు మించి లేదు. అవతలి ఒడ్డున దారి స్పష్టంగా కనబడుతోంది. డాక్టరు అప్పటికే ప్యాంటు మడుస్తున్నాడు.

గైడమ్మ నీళ్ళ పక్కన గొంతుక్కూర్చుంది. చెయ్యి ముంచింది, తీసింది. ఎగువకు చూసింది. కొండల మీద ఆకాశం కాటుక పూసినట్టుంది. నీళ్ళు నిన్నటికన్నా ఎర్రగా ఉన్నాయి. పచ్చి ఆకులు, విరిగిన రెమ్మలు గుంపులుగా కొట్టుకొస్తున్నాయి. ఆమె లేచి నిలబడింది.

"ఇవాళ దాటటం లేదు," అంది.

"అదేంటమ్మా? మోకాళ్ళ దాకా కూడా లేవు నీళ్ళు," అన్నాడు డాక్టరు.

"ఇప్పుడు లేవు సార్. పైన గట్టిగా కురుస్తోంది. మనం అటెళ్ళి తిరిగొచ్చేసరికి ఈ వాగు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. చెప్పలేనప్పుడు ఎవర్నీ దింపను."

"రేపు ఎలాగూ తిరుగుప్రయాణం. ఇవాళ తప్పితే ఇక చూడటం లేదన్నమాటే కదా?"

"లేనట్టే సార్. మీకెంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. అయినా దాటం."

గొంతు పెంచలేదు, బతిమాలలేదు. డాక్టరు చెడ్డవాడేం కాదు. కానీ ఎన్నో ఏళ్ళు కన్న కల కళ్ళెదుట జారిపోతుంటే మనిషికి మాట ఆగదు. ఆయన టైలరమ్మ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా మీ అమ్మాయికి. పెద్దవారు, మీ మాట కాదనదు."

నిజానికి ఆ మాట టైలరమ్మ నాలుక చివరే ఉంది. ఈ కాసిన్ని నీళ్ళకు ఇంత రాద్ధాంతమేమిటి, పదండని అనబోయింది కూడా. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల ఏ చొక్కా వేసుకోవాలో, ఏ బస్సెక్కాలో చెప్తూ వచ్చిన నోరది. అలవాటు కొద్దీ కూతురి మొహం చూసింది. కూతురు తల్లి వైపు చూడటం లేదు. అండగా నిలబడమనీ అడగడం లేదు, అడ్డు పడొద్దనీ అడగడం లేదు. ఎగువ నుంచి వస్తున్న నీళ్ళనే చూస్తోంది. గుడ్డ మీద గీత గీసి కత్తెర చేతిలోకి తీసుకున్నాక తానూ అలాగే చూస్తుందని టైలరమ్మకు తట్టింది. అప్పుడు పక్కన పిడుగు పడ్డా ఆమెకు పట్టదు.

"డాక్టరుగారూ," అంది నెమ్మదిగా, "నేను గుడ్డ కత్తిరిస్తుంటే ఎవరైనా వచ్చి మోచెయ్యి పట్టుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వాగు ఆమె కత్తిరించే బల్ల. నేనూ మీలాగే టూరుకొచ్చిన మనిషిని."

గైడమ్మ ఒక్కసారి తలతిప్పి తల్లిని చూసింది. వెంటనే మళ్ళీ పనిలో పడిపోయింది. ఒడ్డుకు ఎగువన రాతిమిట్ట మీద తార్పాలిన్ కట్టమని వంటాయనకు చెప్పింది. "ఇక్కడే కూర్చుందాం. నడిచేవాళ్ళకంటే కదలకుండా కూర్చున్నవాళ్ళకే అడవి ఎక్కువ కనబడుతుంది."

కాసేపటికి వాన మొదలైంది. వాన అనకూడదు దాన్ని, ఆకాశం కుండలతో గుమ్మరించింది. పాత తార్పాలిన్ కుట్టు దగ్గర పిగిలి నీళ్ళు డాక్టరు భార్య నెత్తిన ధారగా పడుతుంటే, టైలరమ్మ సంచిలోంచి సూదీ దారం తీసి, నిలబడే కుట్టేసింది. అది పూర్తయ్యేలోపే వాగు రూపు మారిపోయింది. ముందు చప్పుడు మారింది, తరవాత రంగు. పొద్దున్న డాక్టరు అడుగు పెట్టబోయిన చోట నిలువెత్తు నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఒక చెట్టుమోడు వేళ్ళతో సహా వాళ్ళ ముందునుంచి అగ్గిపుల్లలా కొట్టుకుపోయింది. డాక్టరు భార్య భర్త చెయ్యి పట్టుకుంది.

వాన సన్నబడ్డాక గైడమ్మ చెయ్యెత్తింది.

అవతలి ఒడ్డున కొమ్మలు కదులుతున్నాయి. ముందొక బూడిదరంగు నుదురు, తరవాత చెవులు. ఉప్పుగుంట వైపు నుంచి ఏనుగుల గుంపు వాగు దాటడానికి వచ్చింది. అన్నిటికన్నా ముందున్నది ముసలి ఆడ ఏనుగు. దాని బుగ్గలు లోపలికి పోయి, చెవి అంచులు చిరిగి ఉన్నాయి. దాని వెనక తల్లి పొట్ట కింద దూరిన గున్న ఒకటి తొండాన్ని ఏంచేసుకోవాలో తెలియక ఊపుకుంటోంది.

ముసలిది ముందుకాలు నీళ్ళలో పెట్టింది. కాసేపు అలాగే నిలబడింది. తొండంతో నీటిని తడిమింది. తరవాత కాలు వెనక్కి తీసుకుని, గున్నకూ వాగుకూ మధ్య గోడలా అడ్డంగా నిలబడిపోయింది. గుంపంతా ఆగింది. ఒక పడుచు ఏనుగు పక్కనుంచి దూరబోతే తొండంతో ఒక్కటి అంటించింది.

టైలరమ్మ కూతురి చెవి దగ్గరికి వంగింది. "అదీ మీ కంపెనీలోనే పనిచేస్తుందా?"

గైడమ్మ నవ్వు ఆపుకోవడానికి పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగిపోయాయి.

డాక్టరు కెమెరా ఎత్తాడు. తేమకు అద్దమంతా మసకేసింది. తుడిచాడు, మళ్ళీ మసకేసింది. చివరికి విసిగి ఒళ్ళో పెట్టుకుని ఉత్త కళ్ళతో చూడసాగాడు. ఏనుగులు చాలాసేపు అక్కడే ఉన్నాయి. గున్న బురదలో దొర్లింది, జారింది, తల్లి తోక పట్టుకు లాగింది. వెలుతురు తగ్గుతుండగా ముసలిది వెనక్కి తిరిగితే గుంపంతా తిరిగింది. కొమ్మలు మూసుకున్నాయి.

"ఒక్క ఫోటో కూడా లేదు," అన్నాడు డాక్టరు. "చెప్తే ఎవరు నమ్ముతారు?"

"నేను నమ్ముతాను," అంది భార్య. "నేనూ ఇక్కడే ఉన్నానుగా."

ఆయన నవ్వాడు. మకాం దారిలో గైడమ్మ పక్కన నడుస్తూ, పొద్దున కాస్త గట్టిగా మాట్లాడానమ్మా అన్నాడు. ఫర్వాలేదు సార్, నేనైనా అలాగే అడిగేదాన్ని అంది ఆమె.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక, తడిబట్టలు పొయ్యి సెగకు ఆరేస్తూ తల్లీకూతుళ్ళు ఒంటరిగా మిగిలారు. చెయ్యెత్తడానికి ఏ పిట్టా లేదు. టైలరమ్మకు కావలసిన సమయం చేతికొచ్చింది. ఆమె దుకాణం మాటెత్తింది, పక్క గది మాటెత్తింది. కానీ బేరంలో ఉండాల్సిన పట్టు గొంతులో లేదని ఆమెకే తెలిసింది.

కూతురు చివరిదాకా విన్నది. "నాకు దుకాణం వద్దమ్మా. నీ మీద కోపం లేదు, దుకాణమంటే చులకనా లేదు. ఈ పని నాకు నచ్చింది. బాగా వచ్చు కూడా."

"కుట్టూ వచ్చుగా నీకు."

"వచ్చు. కుడుతున్నంతసేపూ ఎప్పుడు అయిపోతుందా అని చూసేదాన్ని. ఇక్కడ అలా చూడను."

టైలరమ్మకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఇన్నేళ్ళు కట్టుకున్న ఆశ, ఒక్క మాటతో పోయింది. ఆరేసిన చొక్కా మడతలు సవరించింది. అబద్ధం చెప్తోందేమోనని కూతురి మొహంలో వెతికింది. దొరకలేదు.

"ఇవాళ వాగు దగ్గర భయం వెయ్యలేదుటే నీకు?" అని అడిగింది.

"వేసింది."

"కనబడలేదే."

"కనబడితే మీరందరూ భయపడరూ?"

"ఇది ఎక్కడ నేర్చావే?"

"ఇంట్లోనే," అంది కూతురు. "నాన్న పోయినప్పుడు నువ్వు మిషను ముందు కూర్చోవడం చూశానుగా."

టైలరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. పొగకు కళ్ళు మండుతున్నాయంది. కూతురు దగ్గరికి జరిగి కూర్చుంది. ఆ తరవాత ఇద్దరూ దుకాణం సంగతి వదిలేసి, డాక్టరుగారి ప్యాంటు ఎవరు కుట్టారో గానీ వెనక ఎంత అన్యాయంగా ఉందో మాట్లాడుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు.

మర్నాడు వాగు తగ్గింది గానీ తిరుగుప్రయాణం వేళైంది. పడవలో టైలరమ్మ ఈసారి కూతురి పక్కనే చోటు చూసుకుంది. సగం దూరం వచ్చాక, ఏదో కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది: "కాజాలు కుట్టే ఆవిడ ఉంది చూడు, ఆవిణ్ణి దుకాణంలో భాగస్తురాలిగా పెట్టుకుంటున్నాను. చెయ్యి మంచిది. నోరు కూడా తక్కువ."

"ఆవిణ్ణి అడిగావా?"

"అడిగేదేముంది? వెళ్ళి చెప్తాను."

"అమ్మా, అడుగు."

టైలరమ్మ ఒళ్ళో సంచి సర్దుకుంది. "సరే, అడుగుతాలే," అంది.

రేవులో డాక్టరు దంపతులు సెలవు తీసుకున్నారు. మరో టూరు జనం అప్పటికే మూటలతో నిలబడి ఉన్నారు. గైడమ్మ మధ్యాహ్నానికే మళ్ళీ పడవెక్కాలి. బస్సెక్కిన తల్లికి సంచి అందిస్తూ, "ముసురు పట్టిన నెలల్లో టూర్లుండవు. ఇంటికి వస్తాను," అంది.

"ఎన్నాళ్ళుంటావు?"

"నువ్వు పొమ్మనేదాకా."

"అయితే నీ మంచం మీద పెట్టిన గుడ్డల తానులు తీయించాలి," అంటూ టైలరమ్మ కిటికీ పక్క సీటు వెతుక్కుంది.